మన తెలుగు సంఘం, బల్లార్పూర్ (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర): 2025–26 వార్షిక నివేదిక

సంఘం పెద్దలకు, సభ్యులకు, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం.

పంచాంగ శ్రవణం, బతుకమ్మ, పదో తరగతి పిల్లలకు సన్మానం, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. ఈ ఏడు చెప్పుకోవాల్సిన సంగతి స్లాబు మీద ఉంది.

భవనం మీద అయిదు కిలోవాట్ల సోలార్ పెట్టాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసినప్పుడు ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. "బాయి తిండి తిని బాయి మీదనే మన్ను పోస్తవా?" అని ఒక కాక నన్ను నిలబెట్టి అడిగారు. బాయి అంటే మనకు బొగ్గు గని. నేను నొచ్చుకోలేదు. బల్లార్పూర్, సాస్తి, దుర్గాపూర్ బాయిల హాజ్రీ కూలితోనే మన ఇళ్లలో పొయ్యి వెలిగింది. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి మన తాతలు ఇటొచ్చింది ఆ బొగ్గు కోసమే. (పక్కనున్న రాజురా సభ్యులను మాత్రం బయటి నుంచి వచ్చారనకండి, రాజురా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోదే.) కానీ కాకకు అప్పుడు చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాను. బాయిల్లో మనుషుల్ని తగ్గించింది సోలార్ కాదు. భూమి లోపలి బాయిలు మూసి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు తెరిచారు, తట్టా పారా పోయి షావల్, డంపర్ వచ్చాయి, పర్మినెంటు పోయి కాంట్రాక్టు వచ్చింది. ఇదంతా మన ఊళ్లో ఒక్క ఇంటి మీదా ప్యానల్ లేని రోజుల్లోనే జరిగిపోయింది.

రాయితీ ఎందుకు తేలేదని కొందరు వెనకాల అంటున్నారట. ముందరే అడిగితే చెప్పేవాణ్ని. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం ఇళ్లకు మాత్రమే. ఒక కిలోవాట్‌కు 30,000, రెండుకు 60,000, మూడు గానీ అంతకు మించి గానీ పెట్టుకుంటే 78,000 రూపాయలు. అపార్టుమెంటు సొసైటీలకైతే ఉమ్మడి అవసరాల కింద కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. సంఘ భవనం ఇల్లూ కాదు, సొసైటీ కాదు. అందుకే చందా.

మనకు కలిసొచ్చింది ఒక్కటే, ఆలస్యం. చందాలు పోగవక ఆర్డరు వాయిదా పడింది. ఈలోగా సెప్టెంబరు 22న సోలార్ ప్యానళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. చందా ఎగ్గొట్టిన వారికి ఆ విధంగా కృతజ్ఞతలు. అదే రోజు బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18కి ఎక్కింది గానీ, టన్నుకు 400 రూపాయల సెస్సు తీసేశారు. ఆ సెస్సు కథ మన పిల్లలు తెలుసుకోవాలి. 2010లో స్వచ్ఛ ఇంధనం కోసమని చెప్పి టన్నుకు 50 రూపాయలతో మొదలుపెట్టారు, 2016 నాటికి 400 చేశారు. 2017లో జీఎస్టీ రాగానే ఆ డబ్బును రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లించారు. మన బాయిల బొగ్గు మీద సోలార్ పేరు చెప్పి వసూలు చేసింది సోలార్‌కూ పూర్తిగా పోలేదు, బాయి ఊళ్లకూ రాలేదు.

ప్యానళ్లు బిగించడం నవంబరులో నాలుగు రోజుల్లో అయిపోయింది. గ్రిడ్‌కు, అంటే కరెంటు లైన్లకు, మనం ఇచ్చిందీ తీసుకున్నదీ లెక్కేసే నెట్ మీటర్ కోసం మాత్రం రెండు నెలలు దాటింది. సంబంధిత కార్యాలయానికి నేనూ సహాయ కార్యదర్శీ తొమ్మిది సార్లు తిరిగాం. ఒకసారి సాహెబ్ లేరు, ఒకసారి మీటర్ లేదు, ఒకసారి రెండూ ఉంటే సంతకం పెట్టే పెన్ను తప్ప అన్నీ ఉన్నాయన్నట్టు కూర్చోబెట్టారు. మాతో వస్తామని సమావేశంలో చేయెత్తిన ఏడుగురిలో ఒక్కరూ రాలేదు.

అయినా మీటర్ రథసప్తమికి ముందు వచ్చింది. జనవరి 25, ఆదివారం. ఈ సంఘం పుట్టాక ఇంత నిండుగా జరిగిన కార్యక్రమం నేను చూడలేదు. పొద్దున్నే ఆడవాళ్లు జిల్లేడాకులు తెచ్చారు, వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం చేశారు. హాలు చాలక బయట షామియానా వేశాం. మరాఠీ ఇరుగుపొరుగు వారూ వచ్చారు, వాళ్లకూ అది పండుగే. స్విచ్ ఎవరు వేయాలన్న దాని మీద కమిటీలో రెండు రాత్రులు నలిగాం. ఒక నాయకుణ్ని పిలుద్దామన్నారు, ఆయనకు వీలు కాలేదు, మంచిదే అయింది. చివరికి సంఘంలో అందరికన్నా పెద్దాయన, లోపలి బాయిలో జీవితమంతా పని చేసినాయన వేశారు. మైకు ఇస్తే రెండే మాటలు అన్నారు: "నలభై ఏండ్లు పొద్దు మొకం సూడకుండ పని జేసిన. ఇయ్యాల ఆ పొద్దునే పనికి పెట్టిండ్రు." ఆ చప్పట్లు ఎంతసేపు మోగాయో వచ్చిన వాళ్లకు తెలుసు. రాని వాళ్లకు ఫొటో చాలదు.

ఆ సాయంత్రం ఊర్జానగర్ కరెంటు కేంద్రంలో బాయిలర్ మీద పని చేసి రిటైరైన మన సభ్యుడు ఒక గంట మాట్లాడారు. ఆ కేంద్రమే చంద్రపూర్ థర్మల్, 2,920 మెగావాట్లది. మధ్యాహ్నం సోలార్ పోటెత్తితే ఇలాంటి బొగ్గు యూనిట్లను 55 శాతానికి దించి నడపాలట, పొద్దుగూకగానే మళ్లీ ఎక్కించాలట. "వేడెక్కించి చల్లార్చి మళ్లీ వేడెక్కిస్తే ఇంట్లో గిన్నె కూడా పగులుతుంది" అన్నారు. దేశంలో కరెంటు తయారు చేసే సామర్థ్యంలో సగం 2025లో బొగ్గు, గ్యాసు కానిదైంది, నిజమే. కానీ ఇంటికొచ్చే పది యూనిట్లలో ఏడు దాకా ఇంకా బొగ్గువే. మన భవనం కూడా పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి గ్రిడ్ నుంచే తీసుకుంటుంది. రేపు బతుకమ్మ లైట్లు వెలిగేది బొగ్గుతోనే. బిల్లులో మాత్రం పగలిచ్చిన యూనిట్లు తీసివేస్తారు.

ఇళ్ల మీద పెట్టించుకుంటామని సభ్యులు కొందరు పేర్లిచ్చారు. ఆరా తీస్తే సగం పేర్లు రాలిపోయాయి. కంపెనీ క్వార్టరు వాళ్లకు పైకప్పు తమది కాదు. కొందరికి రేకుల ఇళ్లు, కొందరికి స్థలం పట్టా లేదు. వంద యూనిట్ల లోపు వాడే వాళ్లకు యూనిట్ రేటే తక్కువ, అప్పు చేసి పెట్టించుకుంటే తీరే లెక్క కాదు. సొంత స్లాబు, ఏసీ, పెద్ద బిల్లు ఉన్న వాళ్లకే ఈ రాయితీ నిండుగా అందుతోంది. దీన్ని తప్పనడం లేదు, చూసింది రాస్తున్నాను.

అందుకే కార్యవర్గం ఒక తీర్మానం మీ ముందు పెడుతోంది. బొగ్గు తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ 14 శాతం. పాత లీజుల నుంచి ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన డబ్బు జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు చేరుతుంది. అది గని ఊళ్ల కోసమే. కమాన్లు, రంగుల ఫుట్‌పాత్‌ల మీద కాకుండా పట్టా లేని ఇళ్ల వాడలకు ఉమ్మడి సోలార్, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ఫిట్టర్ పని నేర్పడం మీద పెట్టమని వినతిపత్రం ఇద్దాం. సంతకం పెట్టడమే కాదు, ఇవ్వడానికి రండి.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది, తేడా లేదు. వంట సామాన్ల బాకీ ఒకటి మిగిలింది, అంతే.

అర్క పత్రాలు తెచ్చిన మహిళా విభాగానికి, షామియానా ఉచితంగా వేసినాయనకు, స్లాబు మీదికి ప్యానళ్లు మోసిన కుర్రాళ్లకు, ఉచితంగా వైరింగ్ చూసిన తమ్ముడికి, రెండు నెలలు నా తిరుగుడు భరించిన మా ఇంటావిడకు ధన్యవాదాలు.

ఇక కడుగుడు. మన ఊరి గాలిలో బొగ్గు దుమ్ము ఎంతో చెప్పక్కర్లేదు, ప్యానళ్ల మీద వారానికే నల్లటి పొర కడుతోంది. పైగా మండే ఎండలో ప్యానల్ వేడెక్కితే కరెంటు తగ్గుతుందే గానీ పెరగదు. దుమ్ము కూడా తోడైతే మే నెలంతా నష్టమే. వంతులు వేశాం. ఫిబ్రవరి, మార్చిలో తొమ్మిది ఆదివారాలకు ముగ్గురే వచ్చారు, అందులో ఒకరు నేను, రెండోవారు వాచ్‌మన్. మే జాబితా గేటు దగ్గర అంటించాను, మొదటి పేరు నాదే. పొద్దున ఆరింటికి రావాలి, వేడెక్కిన అద్దం మీద నీళ్లు పోయకూడదు. కొత్త పైపు కొన్నాం. పాతది ఎవరు తీసుకెళ్లారో తెచ్చిస్తే పేరు బయటపెట్టను.

కార్యదర్శి