ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు చేరేదెప్పుడు? హోం మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర హోం శాఖ మంత్రిగారికి,

నమస్కారములు.

నేను ఒక జిల్లా కోర్టులో చాలా ఏళ్లుగా మోటారు ప్రమాదాల పరిహారపు కేసులు వాదిస్తున్న న్యాయవాదిని. పోలీసుల ప్రమాద నివేదికలు పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు చేరకపోవడంపై మీ కార్యాలయానికీ, మా జిల్లా పోలీసు అధికారులకూ పంపుకున్న వినతిపత్రాలకు సమాధానం రానందువల్ల ఇలా బహిరంగంగా రాయవలసి వచ్చింది.

ప్రమాద సమాచారం అందిన 48 గంటల్లో తొలి నివేదిక, ప్రమాదం జరిగిన 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక దర్యాప్తు అధికారి నుంచి ట్రిబ్యునల్‌కు చేరాలన్న నిబంధనలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సంగతి మీకు తెలుసు. ఆ సమగ్ర నివేదికనే పరిహారపు దరఖాస్తుగా స్వీకరించాలని చట్టమే చెబుతోంది. అదే ఏడాది డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు, ఈ పని కోసం శిక్షణ పొందిన సిబ్బందితో ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. నేను రోజూ చూస్తున్న కోర్టులో మాత్రం ఎఫ్ఐఆర్, శవపంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, వాహన తనిఖీ అధికారి (ఎం.వి.ఐ.) రిపోర్టు, ఛార్జిషీటు నకళ్ల కోసం చనిపోయినవాడి భార్యే ఇప్పటికీ స్టేషను చుట్టూ తిరుగుతోంది. రాతపని చూసే రైటర్ లేడనో, ఎస్సైగారు బందోబస్తుకు వెళ్లారనో చెప్పి పంపేస్తుంటే, దరఖాస్తు చేసుకోవడానికి చట్టం పెట్టిన ఆరు నెలల గడువు కరిగిపోతోంది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందున్నది నిజమే గాని, ఆ కుటుంబానికి భయం తప్పడం లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. తాపీ పని చేసే ముప్పై నాలుగేళ్ల మనిషి పని ముగించుకుని బండిమీద ఇంటికి వస్తుండగా లారీ ఢీకొని చనిపోయాడు. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఆయన సంపాదన మీదే బతికేవారు. తమ్ముడు ఇచ్చిన ఫిర్యాదులో గుర్తుతెలియని లారీ అని ఉంది. నంబరు ఆ తర్వాత తెలిసింది. తొలి నివేదిక వేళకు దాఖలై, నంబరు ఎలా దొరికిందో తర్వాతి నివేదికలో రాసి ఉంటే అక్కడితో వివాదం తీరేది. అవేవీ లేకపోవడంతో, ఆ లారీని కావాలని ఇరికించారని బీమా కంపెనీ వాదించింది. అలాంటి మోసాలు లేవని నేను అనను, ఉన్నాయి. అందుకే సకాలంలో వచ్చే నివేదిక బాధితులకు ఎంత అవసరమో నిజాయితీగా చెల్లించదలచిన కంపెనీకీ అంతే అవసరం.

ఆదాయం విషయంలో జరిగిన నష్టం ఇంకా పెద్దది. మృతుడి వయసు, సంపాదన, ఆధారపడినవారి వివరాలు దర్యాప్తు అధికారే సేకరించి సమగ్ర నివేదికతో జతచేయాలి. అలా జరిగి ఉంటే, ఆయనకు కూలి ఇచ్చిన మేస్త్రీ వాంగ్మూలం అప్పుడే దొరికేది. మేము సాక్ష్యం చెప్పించే దశకు వచ్చేసరికి ఆ మేస్త్రీ పనులు వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిపోయాడు. నెలకు పదిహేను వేలు తెచ్చేవాడని భార్య చెప్పిన మాటకు కాగితం లేదు కనుక ట్రిబ్యునల్ తొమ్మిది వేలే లెక్కకట్టింది. సరళా వర్మ, ప్రణయ్ సేఠీ కేసుల్లో సుప్రీంకోర్టు తీర్పుల ప్రకారం ఏడాది ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలిపి, మృతుడి సొంత ఖర్చుకు నాలుగోవంతు తీసివేసి, ఆయన వయసుకు వర్తించే 16 గుణకంతో హెచ్చిస్తే, నెల ఆదాయంలో తగ్గిన ప్రతి వెయ్యికీ ఆ కుటుంబం 2,01,600 రూపాయలు కోల్పోతుంది. ఆరు వేలకు పన్నెండు లక్షలు దాటింది. ఇద్దరు పిల్లల చదువుకు సరిపోయే ఆ డబ్బు, స్టేషనులో ఎవరూ నింపని ఒక ఫారం వల్ల పోయింది.

స్టేషన్లలో సిబ్బంది కొరత ఉందని నాకు తెలుసు, హెడ్ కానిస్టేబుళ్ల మీద పడుతున్న పనిభారం కళ్లారా చూస్తున్నాను. అయినా ప్రమాద స్థలంలోనే వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే ఈ-డార్ ఏర్పాటు ఉండగా, ఆ వివరాలు ట్రిబ్యునల్ దాకా ఎందుకు రావడం లేదో అర్థం కావడం లేదు. ఈ ఖాళీలోకే మధ్యవర్తులు వస్తున్నారు. మార్చురీ దగ్గరే కుటుంబాన్ని పట్టుకుని, కాగితాలన్నీ తామే తెప్పిస్తామని సంతకాలు చేయించుకుని, చివరకు వచ్చిన పరిహారంలో వాటా పట్టుకుపోతున్నారు. బాధితుల హక్కులు తెలిపే పత్రాన్ని పది రోజుల్లోగా పోలీసులే కుటుంబం చేతికి ఇవ్వాలన్న నిబంధన అమలైతే వారి ఆటలు చాలావరకు సాగవు.

మంత్రిగారూ, కొత్త చట్టం చేయమని అడగడం లేదు, ఉన్నదాన్ని అమలు చేయించమని వేడుకుంటున్నాను. ప్రతి జిల్లాలో ఆ ప్రత్యేక విభాగాలు నిజంగా పనిచేసేలా చూడండి. ఎన్ని ప్రమాదాలకు ఎన్ని సమగ్ర నివేదికలు ట్రిబ్యునల్‌కు చేరాయో ప్రతి నెలా ఎస్పీల చేత సమీక్ష చేయించండి. హక్కుల పత్రాన్ని చదివితే అర్థమయ్యే తెలుగులో ఇప్పించండి. నివేదిక ఆలస్యమైతే బాధ్యులెవరో తేల్చండి. ఈ లేఖకైనా రాతపూర్వకంగా సమాధానం ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
జిల్లా కోర్టు న్యాయవాది