బీమ్‌టైమ్ దక్కిన పరిశోధకులను రెండోసారి పరీక్షించకండి

గౌరవనీయులైన శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అతివేగంగా జరిగే రసాయన చర్యలను ఎక్స్‌రేలతో గమనించే పద్ధతి, అంటే అతివేగ ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ విషయంలో మీకు ఒక విన్నపం. ఇందుకు కావలసిన భారీ యంత్రాన్ని వాడుకోవడానికి కేటాయించే సమయమే బీమ్‌టైమ్.

ఎండను విద్యుత్తుగా మార్చే ఒక రకం సౌర ఘటాల్లో రుథేనియం రంజకాలు వాడతారు. అది అరుదైన లోహం. పుష్కలంగా దొరికే ఇనుమును దాని స్థానంలో నిలపాలని రసాయన శాస్త్రవేత్తలు ఏళ్లుగా శ్రమిస్తున్నారు. చిక్కల్లా ఒక్కటే. కాంతి తగిలి ఇనుమును వీడిన ఎలక్ట్రాన్ మనకు అక్కరకు రాకముందే వెనక్కి చేరిపోతుంది. బైపిరిడిన్ అనే కర్బన అణువుతో కూడిన ఇనుప సమ్మేళనంలో ఇదంతా దాదాపు 200 ఫెమ్టోసెకన్లలో (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు) ముగుస్తుంది. ఆ వ్యవధిలో కాంతి సైతం వెంట్రుక మందమంత దూరమే పోగలదు.

ఇంత వేగాన్ని పట్టుకోవడానికి ముందు లేజర్ పల్స్‌తో చర్యను మొదలుపెట్టి, కొలిచిన ఆలస్యంతో ఎక్స్‌రే పల్స్‌ను పంపుతారు. ఆలస్యాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే చర్య దశలవారీగా బయటపడుతుంది. ప్రతి మూలకం తనదైన శక్తి దగ్గర ఎక్స్‌రేలను గట్టిగా పీల్చుకుంటుంది. ఇనుముకు అది సుమారు 7,112 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తికి కొలమానం). అందుకే ద్రావణంలో ఇంకేమున్నా ఇనుము సంగతి మాత్రమే విడిగా తెలుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకిది అబ్బురమే.

ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రాల పల్స్‌లు సాధారణంగా పదుల పికోసెకన్లు ఉంటాయి (ఒక పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు), ఈ పనికి అవి మరీ నిడివైనవి. అతి పొట్టి ఎక్స్‌రే పల్స్‌లనిచ్చే భారీ యంత్రాలైన ఎక్స్‌రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్లే కావాలి. కాలిఫోర్నియాలో 2009లో, జపాన్‌లో 2011లో, హాంబర్గ్ దగ్గర 2017లో ఇవి పని మొదలుపెట్టాయి. ఫలితాలు ప్రచురిస్తామంటే, నిపుణుల వడపోతలో నెగ్గిన బృందాలకు బీమ్‌టైమ్ ఉచితమే. దక్కేది కొద్ది షిఫ్టులే. ప్రయాణానికి, నమూనాల తయారీకి మాత్రం ఇక్కడ మళ్లీ దరఖాస్తు, మళ్లీ సమీక్ష. ప్రయోగానికి మిగిలేవి కొన్ని నెలలే. ఈలోగా ఫైలు కదలకపోతే అంత కష్టపడి గెలుచుకున్న అవకాశం చేజారుతుంది. ఇది అన్యాయం.

బీమ్‌టైమ్ కేటాయింపు పత్రాన్నే అర్హతగా గుర్తించి, రెండో సమీక్ష లేకుండా డబ్బు విడుదల చేసే శాశ్వత నిధిని ఏర్పాటు చేయండి. అందులో పరిశోధక విద్యార్థుల ప్రయాణ ఖర్చు తప్పనిసరిగా ఉండాలి. అర్ధరాత్రి షిఫ్టులో లేజర్, ఎక్స్‌రే పల్స్‌ల మధ్య సమయం జారిపోతే దాన్ని సరిదిద్దడం యంత్రం పక్కన నిలబడితేనే వస్తుంది. తిరిగొచ్చాక డేటా విశ్లేషణ నెలల తరబడి సాగుతుంది కాబట్టి ఆ కాలానికి భృతినీ ఈ నిధిలోనే కలపండి.

వచ్చే విడత ప్రతిపాదనల గడువుకు ముందే ఉత్తర్వులు వెలువడేలా చూడగలరని ప్రార్థన.

భవదీయుడు,
ఒక రసాయన శాస్త్ర పరిశోధకుడు