మోచేతికి ఆపరేషన్ అయిన కుర్రోడి సంగతి

అన్నయ్యా,

మొన్న ఫోన్లో మాట మధ్యలో వదిన పిలిచిందని వెళ్లిపోయావ్ కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మోచేతికి ఆపరేషన్ చేయించుకున్న పిచ్చర్, అంటే బేస్‌బాల్‌లో బాల్ విసిరేవాడు, మళ్లీ పనికొస్తాడో లేదో టీమ్ వాళ్లకెలా తెలుస్తుందిరా అనడిగావ్. ఇన్నేళ్లుగా స్కూల్ గ్రౌండ్‌లో పిల్లల్ని ఆడిస్తున్నోడివి, నీకైతే చెప్పబుద్దేస్తుంది, ఇక్కడ అమెరికాలో, టల్సాలో, మనోళ్ల దగ్గర బేస్‌బాల్ మాటెత్తితే వెంటనే ఐపీఎల్‌కి మార్చేస్తారు.

ముందు దెబ్బ సంగతి. సచిన్‌కి వచ్చిన టెన్నిస్ ఎల్బో అనుకునేవ్, అది మోచేతికి బయటివైపు వస్తుంది. ఇది లోపలివైపు, పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే చిన్న లిగమెంట్. మన ఫాస్ట్ బౌలర్ మోచెయ్యి చాచి వేస్తాడు కాబట్టి భారమంతా నడుం మీదకి పోతుంది, బుమ్రాకి వెన్ను ఎన్నిసార్లు ఇబ్బంది పెట్టిందో చూశాంగా. పిచ్చర్ చెయ్యి వంచి వెనక్కి తీసి విసురుతాడు, ఆ లాగుడంతా మోచేతి లోపలే పడుతుంది. తెగితే ముంజేతిలోంచో తొడ వెనకనుంచో టెండన్ ఒకటి తీసి, ఎముకలకి కన్నాలు పెట్టి అందులోంచి దూర్చి బిగిస్తారు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టర్ డాడ్జర్స్ టీమ్ పిచ్చర్ టామీ జాన్‌కి మొదటిసారి చేశాడు, అందుకే సర్జరీకి టామీ జాన్ పేరే పడిపోయింది. ఆయన 1976లో మళ్లీ ఆటకొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు, 46 ఏళ్లొచ్చేదాకా ఆడాడు, అప్పట్నుంచీ పిచ్చర్లకి లిగమెంట్ తెగితే జీవితం అయిపోయినట్టు కాదు.

కాకపోతే టైం పడుతుంది. మొదటి నాలుగైదు నెలలు బాల్ ముట్టనివ్వరు, తర్వాత 45 అడుగుల నుంచి మెల్లగా విసరడం, దూరం పెంచుకుంటూ పోవడం, ఆ తర్వాతే మౌండ్, అంటే పిచ్చర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ, ఎక్కనిస్తారు. మొత్తం ఏడాది నుంచి ఏడాదిన్నర.

ఇక్కడ మా ఊరి టీమ్ డ్రిల్లర్స్, డాడ్జర్స్ వాళ్ల డబుల్-ఏ టీమ్, అంటే అన్నిటికన్నా పైనుండే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. అందులో ఆపరేషన్ నుంచి వచ్చిన కుర్రోడొకడున్నాడని చెప్పాగా, వారానికోసారి వేయిస్తారు, మూడు నాలుగు ఇన్నింగ్స్ (మ్యాచ్‌కి తొమ్మిదుంటాయి) అవగానే బాగా వేస్తున్నా సరే తీసేస్తారు. వీడు బాల్ వేయగానే జనమంతా స్కోర్‌బోర్డ్ మీద స్పీడ్ చూస్తారు, 96 మైళ్లు, అంటే మన లెక్కలో 154 కిలోమీటర్లు, ఓ అని అరుస్తారు. నాకైతే ఆ నంబర్ మీద పెద్ద నమ్మకం లేదన్నయ్యా. స్పీడ్ చాలామందికి ముందే వచ్చేస్తుంది, అనుకున్నచోట బాల్ పడ్డం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. నేను చూసేది క్యాచర్ గ్లోవ్, అంటే మన వికెట్ కీపర్లా బ్యాటర్ వెనక కూర్చుని బాల్ పట్టేవాడిది. క్యాచర్ గ్లోవ్ పెట్టినచోటే బాల్ వచ్చిందా, లేక అటు ఇటు సాగి అందుకున్నాడా. తర్వాత మూడో ఇన్నింగ్స్‌లో చెయ్యి ఎత్తు తగ్గిందా, క్యాచర్ స్లైడర్ (పక్కకి తిరిగే బాల్) అడిగితే తల అడ్డంగా ఊపుతున్నాడా. చెయ్యి మీద నమ్మకం రానోడు అలా తిరిగే బాల్ గట్టిగా తిప్పడు, మెత్తగా వదుల్తాడు, అది రెండు ఓవర్లు చూస్తే నువ్వే పట్టేస్తావ్. అన్నిటికన్నా ముఖ్యం వారం తర్వాత మళ్లీ మౌండ్ ఎక్కినప్పుడు ఎలా ఉన్నాడనేది, ఒక్కరోజు ఎవడైనా బానే వేస్తాడు.

ఇన్ని చూసినా పెద్ద పెద్దోళ్లకే లెక్క తప్పుతుంది. 2014లో బ్రేడీ ఐకెన్ అని శాన్ డియాగో కుర్రోడు, స్కూల్ పిల్లాడు, టీమ్‌లు కొత్త కుర్రోళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్లు తీసుకున్నారు. మెడికల్‌లో మోచేతి లిగమెంట్ మీద అనుమానం వచ్చి ముందు ఒప్పుకున్న డబ్బు తగ్గించేశారు, వాడు సంతకం పెట్టలేదు. అప్పుడు జనం ఆస్ట్రోస్‌నే తిట్టారు, కానీ తర్వాతి ఏడాదే వాడి లిగమెంట్ తెగింది. అయినా 2015లో క్లీవ్‌లాండ్ వాళ్లు 17వ నంబర్‌కి తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో 24వ నంబర్‌కి డాడ్జర్స్ వాళ్లు వాకర్ బ్యూలర్‌ని తీసుకున్నారు, వాండర్‌బిల్ట్ కాలేజీ కుర్రోడు, సన్నగా ఉంటాడు, వాడికీ ఆ ఆగస్టులోనే అదే ఆపరేషన్. ఇద్దరిదీ ఒకే రిపేరు, ఒకే ఏడాది. ఐకెన్‌కి స్పీడూ రాలేదు కంట్రోలూ రాలేదు, 2017లో బ్యాటర్ని అవుట్ చేసే స్ట్రైకౌట్ల కన్నా, గురి తప్పి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చే వాక్‌లే ఎక్కువ ఇచ్చాడు, మేజర్ లీగ్ మొహం చూడకుండానే ఆగిపోయాడు. బ్యూలర్ అదే 2017లో మా టల్సాలో వేశాడు, వంద మైళ్ల దరిదాపుల్లో, సెప్టెంబర్‌కల్లా మేజర్ లీగ్‌లో ఉన్నాడు. 2022లో రెండోసారి కోయించుకుని, 2024 సీజన్ అంతా చితక్కొట్టించుకుని, చివరికి యాంకీస్ మీద వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఆఖరి ఇన్నింగ్స్ వాడే వేసి కప్పు తెచ్చాడు. 2015లో ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఎవరు కావాలిరా అంటే నేనైతే ఐకెన్‌నే ఎంచుకునేవాణ్ణేమో, ఎడం చేతివాటం, వయసు తక్కువ.

ఆపరేషన్ అయిన చేతిని జాగ్రత్తగా దాచుకోవడంలో కూడా గొడవే. స్ట్రాస్‌బర్గ్ అనే, ఇదే ఆపరేషన్ అయిన పిచ్చర్ని 2012లో వాషింగ్టన్ వాళ్లు 159 ఇన్నింగ్స్ దాటగానే ఆపేశారు, టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నా సరే, ఓడిపోయారు. వాడే 2019 వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే సిరీస్‌లో బెస్ట్ ప్లేయర్. ఆపడం వల్లే చెయ్యి నిలిచిందా అంటే నేను ఔననను, ఇప్పటికీ ఇక్కడ ఈ వాదన తెగదు.

మీ స్కూల్లో ఆ తొమ్మిదో తరగతి పిల్లాడు భలే స్పీడు వేస్తున్నాడన్నావ్. ఇక్కడ లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 85 బాల్స్ మించి వేయనివ్వరు, 66 దాటితే నాలుగు రోజులు రెస్టు ఇవ్వాల్సిందే, అంపైర్ కాదు నాన్న వచ్చి అడిగినా వినరు. మనోడు ఆదివారం పొద్దున ఒక మ్యాచ్, సాయంత్రం పక్కూళ్లో ఇంకోటి ఆడుతున్నాడట కదా, వాడు ఎన్ని వేస్తున్నాడో పుస్తకంలో రాయించు, మిగతాది నీకు తెలుసు.

శనివారం మా కుర్రోడు మళ్లీ వేస్తాడు, వీడియో వాట్సాప్‌లో పెడతా. స్పీడ్ నంబర్ కనపడకుండా తీస్తా, రెండో ఇన్నింగ్స్‌లో క్యాచర్‌ని చూసి వీడు పైకి వెళ్తాడో లేదో నువ్వే చెప్పు, ఆ తర్వాత నాదేంటో చెప్తా. అమ్మకి మోకాలి మాత్రలు అయిపోవచ్చాయేమో కనుక్కో. వదినని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు