‘ఎనిబ్లా’ అని పిలిచినవాళ్ళకు, మా అవ్వకు

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇథియోపియాలో హవాసా అనే ఊళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఈమధ్యే ఇంటికొచ్చాను. మొన్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.4 వచ్చింది. అక్కడ ఉన్నప్పుడు ఒక దశలో అది 8.1కి పడిపోయింది. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుంటే ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళకు నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలనిపించింది.

నేను చిన్నప్పటినుంచీ కాస్త ఒళ్ళున్న మనిషిని. రెండు సంబంధాలు ‘అమ్మాయి లావు’ అనే మాట మీదే తప్పిపోయాయి. 2023లో ఉద్యోగం రాగానే, ఎవరూ చూడనిచోట సన్నబడి తిరిగిరావాలనుకున్నాను. రాత్రి తిండి పూర్తిగా మానేశాను. తర్వాత మధ్యాహ్నంది కూడా సగం చేశాను. ఎన్ని కిలోలు తగ్గానో కావాలనే రాయడం లేదు. అందరూ ముందు అడిగేది అదే, నాకు హాని చేసిందీ అదే.

హవాసాలో తినకుండా తప్పించుకోవడం మాటలు కాదు. ఇంజెరా అంటే టెఫ్ అనే సన్నటి గింజల పిండిని పులియబెట్టి పోసే పెద్ద అట్టు. దాన్ని ఒకే పళ్ళెంలో పరిచి, మీద పప్పూ కూరలూ వడ్డించి, చుట్టూ కూర్చుని తింటారు. తినే వేళకు ఎవరు గుమ్మంలోకి వచ్చినా ‘ఎనిబ్లా’ అంటారు, రా తిందాం అని. ఇక గుర్షా సంగతి. తమ చేత్తో ముద్ద చుట్టి పక్కవాళ్ళ నోట్లో పెడతారు. మన గోరుముద్దలు పసిపిల్లలతోనే ఆగిపోతాయి, అక్కడ తల నెరిసిన ప్రొఫెసర్లు కూడా ఒకరికొకరు పెట్టుకుంటారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ.

నేను ఒక్కపొద్దు అని చెప్పేదాన్ని. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసమే కాబట్టి అందరూ నమ్మారు. కానీ ఆ రోజుల్లో వాళ్ళు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారేగాని, ఉపవాసం విడిచాక పప్పుతో కడుపునిండా తింటారు. నేను ఎప్పటికీ విడవడం లేదని గమనించింది నా పక్క టేబుల్ లెక్చరర్. ‘కెస్తెషాల్’ అన్నారావిడ. చిక్కిపోయావు అని. ఆ గొంతులో భయం ఉంది.

అదే వారం వీడియో కాల్‌లో మా చుట్టాలు ‘సూపర్‌గా ఉన్నావ్, ఏం డైట్?’ అని అడిగారు. జుట్టు ఊడిపోతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా నాకు సంతోషమే వేసింది. అవ్వ ఒక్కతే ఫోన్ దగ్గరికి లాక్కుని, ‘ఏంది మే, ఇట్ట చిక్కిపోయినావు? ఆడ తిండి దొరకలా?’ అంది. మా అవ్వ కాలంలో ‘ఒళ్ళు చేశావే’ అంటే మెచ్చుకోలు. హవాసాలో ‘వెఫ్రెషాల్’, అంటే లావయ్యావు అనే మాట కూడా చాలామంది నోట అంతే, నిమ్మళంగా ఉన్నావని. వెళ్ళిన కొత్తలో ఒకావిడ నన్ను ఆ మాట అంటే గదికెళ్ళి ఏడ్చాను. అక్కడ అందరూ అలాగే అనుకుంటారని కాదు. సన్నబడాలని జిమ్‌కు వెళ్ళే అమ్మాయిలు నా క్లాసులోనే ఉన్నారు.

ఆ తర్వాత ఒకరోజు కాలేజీ మెట్ల మీద పడిపోయాను. ఊరు దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది, రక్తం తక్కువైన మనిషికి ఆ ఎత్తు ఇంకా కష్టం. నన్ను ఆసుపత్రికి మోసుకెళ్ళిన పిల్లలారా, మీకు నా దండం.

ఆ లెక్చరర్ వాళ్ళమ్మ, మేం ఎమామా అని పిలిచే పెద్దావిడ, మూడు వారాలు నన్ను తన ఇంట్లోనే ఉంచుకున్నారు. నా ఇంగ్లీషు ఆవిడకు రాదు, ఆవిడ అమ్హారిక్ నాకు సగమే తెలుసు. రోజూ మొదటి ముద్ద నాకే. నెల్లూరు డాక్టరుగారు ఫోన్‌లో, మన దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చెప్పి, ‘నువ్వు సిగ్గుపడాల్సిన పనేం లేదమ్మా’ అన్నారు. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది. తిన్న వెంటనే కాఫీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని కూడా చెప్పారు. అక్కడ కాఫీ అంటే గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, మూడు విడతలుగా పోస్తారు. ఎమామా నా ఒక్కదాని కోసం ఇంటిల్లిపాది కాఫీని గంటన్నర వెనక్కి జరిపారు. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి.

ఒంగోలు నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న అన్నయ్యకు, వదినకు కూడా. హవాసా చెరువు చేప తెచ్చి, దాచుకున్న చింతపండు తీసి, మామిడికాయ ముక్కలేసి మన పులుసు కాచారు వదిన. చాలా నెలల తర్వాత రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్న రోజది.

అవ్వా, నీకు ఈ పోస్టు చెల్లి చదివి వినిపిస్తుంది. నువ్వు ఆరోజు అడిగినదానికి అబద్ధం చెప్పాను. క్షమించు.

వెళ్ళేముందు నెల్లూరు రొట్టెల పండగలో ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను. ఈసారి స్వర్ణాల చెరువులో ఆరోగ్యం రొట్టె పట్టుకుని నిలబడతాను. కావాల్సినవాళ్ళు వచ్చి నా చేతిలోంచి తీసుకోండి.