ఆర్‌వీకి కరెంటు తగిలించే ముందు

సంపాదక మహాశయా,

వేసవి సెలవుల్లో ఆర్‌వీ (పడకలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కో, ఎల్లోస్టోన్‌కో బయలుదేరే అమెరికా తెలుగు కుటుంబాల కోసం ఈ లేఖ రాస్తున్నాను. మాకు బండి అప్పగించినవారు నీళ్ల ట్యాంకు గురించీ, మురుగు గొట్టం గురించీ ఓపికగా వివరించారు గాని, ఇలాంటి బండ్లు రాత్రి నిలిపే క్యాంపుగ్రౌండులోని కరెంటు పెట్టెను ముందుగా పరీక్షించుకోవాలని చెప్పలేదు.

ఆ సాయంత్రం వాన వెలిసింది. తడి గడ్డిలో చెప్పుల్లేకుండా నిలబడి బండి తలుపు పిడి పట్టుకున్న మా అమ్మాయి, "నాన్నా, జివ్వుమంటోంది" అంటూ చేయి వెనక్కి లాక్కుంది. వెంటనే బ్రేకరు ఆపి తీగ లాగేశాను. పక్కనే దిగిన పెద్దాయన తన మీటరుతో చూస్తే ఆ పెట్టెలో ఎర్తు లేదని తేలింది. బండిలో లీకైన కరెంటుకు ఎర్తు తీగ గుండా తిరిగి పోయే దారి లేక అది బండి లోహపు ఒంటికంతా పాకింది. మన ఊళ్లో 230 వోల్టులు, ఇక్కడ 120 మాత్రమే కదా అన్న ధీమా పనికిరాదు. తడి కాళ్లతో ఉన్నవారికి 120 కూడా ప్రాణాంతకం కాగలదు.

ప్రమాదం ఎర్తుతోనే ఆగదు. 30 ఆంపుల సాకెట్టులో 120 వోల్టులే రావాలి. దాన్ని బట్టలారబెట్టే యంత్రం సాకెట్టుగా పొరబడి 240 ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. నాలుగు కాళ్ల ప్లగ్గు పట్టే 50 ఆంపుల సాకెట్టులో రెండు ఫేజులుంటాయి. వాటి మధ్య 240, ఒక్కొక్కదానికీ న్యూట్రల్‌కూ మధ్య 120 ఉండాలి. న్యూట్రల్ ఊడితే ఒకవైపు వోల్టేజి పెరిగి, రెండోవైపు పడిపోయి, బ్రేకరు పడకుండానే టీవీ, మైక్రోవేవ్ కాలిపోతాయి.

కాబట్టి బ్రేకరు ఆపి ఉంచి, సాకెట్టు మాడిందా, వదులైందా అని చూడాలి. తర్వాత మీటరు వాడటం తెలిసినవారు బ్రేకరు వేసి కొలిచి, మళ్లీ ఆపాకే ప్లగ్గు పెట్టాలి. తెలియనివారు వోల్టేజి, ఎర్తు, తీగల తారుమారు అన్నీ చూసి, తేడా ఉంటే తానే కరెంటు ఆపే ఈఎంఎస్ పరికరాన్ని పెట్టెకూ బండికీ మధ్యలో పెట్టుకోవడం మేలు. మధ్యాహ్నం అందరూ ఏసీలు వేసినప్పుడు వోల్టేజి 105 కంటే దిగితే ఏసీ ఆపేయాలి, లేకుంటే కంప్రెసర్ పాడవుతుంది. పెట్టెలో లోపం కనబడితే సొంతంగా విప్పకుండా ఆఫీసులో చెప్పి వేరే స్థలం అడగాలి.

అద్దెకిచ్చే సంస్థలు తాళాలతోపాటు ఈఎంఎస్ పరికరాన్ని కూడా ఇచ్చి, వాడే తీరును చేసి చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, డాలస్