చీరాల-పేరాల పుస్తకం దొరికింది, ఆ నాలుగు పేజీలతో సహా

దొరికిందండీ. 33 నుంచి 36 దాకా లేని పేజీలు కూడా ఈ సాయంత్రమే చేతికొచ్చాయి. పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. తెల్లారేదాకా ఆగితే ఇప్పుడున్నట్టు రాయలేనని అర్ధరాత్రి కూర్చున్నాను.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు నడిపిన చీరాల-పేరాల ఉద్యమం మీద ఆ రోజుల్లో అచ్చయిన చిన్న పుస్తకం అది. రాసినాయన పోయి 60 ఏళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి మన చట్టం ప్రకారం కాపీరైటు లేదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్ళందరినీ అడిగితే లేదన్నారు. స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉండాలి, కానీ ఇంట్లో నెట్ మీద ఆ సైటే తెరుచుకోలేదు. మావారికి, హాట్‌స్పాట్ ఇచ్చిన తమ్ముడికి, వంట చూసుకున్న అత్తయ్యకి థాంక్స్.

అసలు చెప్పాల్సింది గుంటూరు బాబాయి గారి గురించి. పేరు రాయొద్దన్నారు. టెలికంలో పనిచేసి రిటైరయ్యారు. పాత పుస్తకాల వాట్సాప్ గ్రూపులో నా మెసేజ్ చూసి ఆయనే ఫోన్ చేశారు. అంతకుముందు పరిచయం లేదు, ఇప్పటికీ ఒకరినొకరు చూసుకోలేదు. రాత్రి పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటన్నర దాకా లైన్లోనే ఉన్నారు, ఒక్కసారి విసుక్కోలేదు. ఆయన చెప్పింది ఇంకొకరికి పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ముందు సైటే పడిపోయిందా, మీ లైను వాళ్ళు ఆపారా తేలుద్దాం అమ్మా" అన్నారు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆర్కైవ్ కొన్ని రోజులు మూతబడింది, అలాంటప్పుడు ఎవరి నెట్‌లోనూ రాదు. మొబైల్ డేటా మీద వచ్చి ఇంటి లైను మీద రాకపోతే అది అడ్డంకే. తర్వాత కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ అని, ఖాళీ వదిలి, సైటు పేరు కొట్టమన్నారు. అదే లైను చివర 1.1.1.1 (బయటివాళ్ళ డీఎన్ఎస్, అంటే సైటు పేరుకి అడ్రసు చెప్పేది) చేర్చి మళ్ళీ కొట్టమన్నారు. రెండోసారి 207.241తో మొదలయ్యే అడ్రసు వచ్చింది, అది ఆర్కైవ్ వాళ్ళది. మొదటిసారి వచ్చింది వేరే. అంటే లైను వాళ్ళ డీఎన్ఎస్ తప్పు అడ్రసు చెబుతోందన్నమాట.

దానికి చాలామంది రూటర్లో 8.8.8.8 (గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్) పెట్టి వదిలేస్తారు. కొన్ని లైన్లలో అది పనిచేయదు. మామూలు డీఎన్ఎస్ ప్రశ్న గుప్తంగా పోదు కాబట్టి, ఎవరికి పంపినా దారిలోనే పట్టుకుని వాళ్ళ జవాబే ఇచ్చేస్తారు. అందుకని గుప్తంగా పోయే డీఎన్ఎస్ కావాలి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో చివరికి వెళ్తే 'డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్' ఉంటుంది, దాన్ని మ్యాక్స్ ప్రొటెక్షన్‌లో పెట్టాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో 'ప్రైవేట్ డీఎన్ఎస్' ఉంది. అక్కడ 1.1.1.1 అని అంకెలు కొడితే తీసుకోదు, పేరే కావాలి. వన్ అనే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగుసార్లు, మధ్యలో చుక్కలతో రాయాలి. నేను అంకెలే కొడుతూ ఇరవై నిమిషాలు పోగొట్టాను. "స్క్రీన్ మీద ఏముందో అక్షరం అక్షరం చదువమ్మా" అని చదివించి మరీ తప్పు పట్టుకున్నారు.

అది సరిచేసినా మా లైనులో సైటు రాలేదు. అడ్రసు సరైనదే వస్తోంది, కనెక్షన్ మాత్రం మధ్యలో తెగిపోతోంది. దీనికి కారణం వేరు. పేజీలో ఏముందో గుప్తంగానే పోతుంది గానీ, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సైటు పేరు మాత్రం బయటికి కనపడుతుంది. ఆ పేరు చూసి తెంపేస్తారు. అప్పుడు డీఎన్ఎస్ ఎంత మార్చినా ప్రయోజనం లేదు, మన కనెక్షన్‌ని గుప్తంగా వేరే చోటు మీదుగా తిప్పే వీపీఎన్ గానీ టోర్ బ్రౌజర్ గానీ వాడాలి. టోర్‌లో పెద్ద ఫైళ్ళు బాగా నెమ్మది. వీపీఎన్ అయితే సింగపూర్ లాంటి దగ్గరి ఊరు ఎంచుకోమన్నారు, పని కాగానే ఆపేయమన్నారు, అది నడుస్తున్నంతసేపు బ్యాంకు జోలికి పోవద్దన్నారు. పీడీఎఫ్ సగంలో ఆగితే మొదటినుంచీ దించక్కర్లేదు. డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాంతో మైనస్ గీత, చిన్న సి పెట్టి దించితే ఆగిన చోటునుంచి అందుకుంటుంది.

సైటు తెరుచుకున్నాక పుస్తకం కనపడకపోవడం ఇంకో బాధ. ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లే. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వింత పద్ధతిలో ఎక్కించారు. దీర్ఘానికి అచ్చు రెండుసార్లు, సున్నకి ఎన్ పక్కన అపాస్ట్రఫీ గుర్తు. చీరాల కావాలంటే ఐ రెండుసార్లు, ఎ రెండుసార్లు కొట్టాలి. సంవత్సరం తప్పుగా పడ్డవి బోలెడు కాబట్టి ఏడాది ఫిల్టరు పెట్టకూడదు. పాత స్కాన్లలో తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని వెతకగలిగే మాటలుగా మార్చడం) లేనివి ఎన్నో, లోపలి మాటలతో వెతికితే రావు. ఊరి పేర్లు కూడా పాతవే కొట్టాలి, విజయవాడ కాదు బెజవాడ, అందులో వి కాదు డబ్ల్యూ. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, అంతకుముందువి కృష్ణా కింద ఉంటాయి, ఆ కృష్ణాని తెల్లవాళ్ళు కిస్ట్నా అని రాశారు.

ఇక్కడ కడుపు మండే మాట ఒకటి. 2014 డిసెంబరులో ఆపిన 32 సైట్లలో ఆర్కైవ్ ఒకటి. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో 2,600 పైచిలుకు సైట్లు ఆపినప్పుడు మళ్ళీ అందులో పడింది. రెండు సినిమాల కోసం లక్షల పుస్తకాలున్న గ్రంథాలయానికి తాళం వేయడం ఏం న్యాయం? ప్రభుత్వం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ఆపితే, దాని 2009 రూల్స్‌లో 16వది ప్రకారం అంతా రహస్యం. మా లైను ఏ ఉత్తర్వుతో ఆగిందని కస్టమర్ కేర్‌ని అడిగితే బ్రౌజర్ కాష్ తుడవమన్నారు. మూడు ఫిర్యాదులు పెట్టాను, మూడూ 'పరిష్కరించబడింది' అని మూసేశారు. ఉత్తర్వు నంబరు చెప్పకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకోవాలి?

సరే, పుస్తకం దిగింది. చూస్తే 32 తర్వాత 37. బాబాయి గారికి చెప్పగానే, "ఫారానికి, అంటే ఒకసారి అచ్చువేసి మడిచే పెద్ద కాగితానికి, 16 పేజీలు. 33 అంటే మూడో ఫారం మొదలు. మొదటి రెండు ఆకులు ఊడిపోయుంటాయి. స్కాన్ చేసినవాళ్ళ తప్పు కాదమ్మా, ఆ ప్రతిలోనే లేవు. ఇదే స్కాన్ ఇంకో సైట్లో దొరికినా అంతే. వేరే ప్రతి చూడాలి" అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆరు రోజుల తర్వాత బస్టాండు నుంచి ఫోన్. గుంటూరు నుంచి ఆర్టీసీ కార్గోలో నా పేరున కవరు వచ్చిందన్నారు. బాబాయి గారు బాపట్ల వైపు ఒక పాత గ్రంథాలయంలో ఇంకో ప్రతి ఉందని కనుక్కుని, బస్సెక్కి వెళ్ళారు. కాగితం పెళుసైపోయింది, జిరాక్సు మిషను మీద బోర్లిస్తే విరిగేది. ఫోన్లో ఫోటో తీస్తే, పుస్తకం పూర్తిగా తెరుచుకోక కుట్టు వైపు అక్షరాలు పడలేదు. దాంతో కూర్చుని నాలుగు పేజీలూ చేత్తో రాశారు. అచ్చులో లైను ఎక్కడ తెగిందో అక్కడే తెంపారు. అరసున్నలు, బండి ఱలు ఎక్కడివక్కడ ఉన్నాయి. మూడు చోట్ల సిరా చెదిరి అక్షరం తెలియలేదట, అక్కడ పెన్సిల్‌తో చిన్న గడి గీసి ఖాళీ వదిలారు. ఆఖరి కాగితం అడుగున "ఊహించి రాయలేదమ్మా" అని ఒక్క ముక్క.

ఆ గళ్ళు చూసి బస్టాండులోనే ఏడుపొచ్చేసింది. బస్సు చార్జీలు పంపుతానంటే ఫోన్ పెట్టేశారు. బాబాయి గారూ, మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

అయ్యో, మరిచాను. బెజవాడలో డబ్ల్యూ ఉంటుందని ముందు చెప్పింది గ్రూపులోని లెక్చరర్ గారు, ఆయనకి నమస్కారాలు. ఆ నాలుగు కాగితాలూ 300 డీపీఐలో స్కాన్ చేసి డబ్బులు తీసుకోని బీసెంట్ రోడ్డు జిరాక్సు అబ్బాయికి కూడా. ఇంకా ఆ గ్రంథాలయం అటెండరు గారు, మూసే వేళ దాటినా బాబాయి గారి కోసం కూర్చున్నారట, కాగితం ముక్కలు ఎగిరిపోతాయని అంత ఉక్కలో ఫ్యాన్ ఆపేసి. ఆయన పేరు కూడా తెలియదు, రేపు బాబాయి గారిని అడుగుతాను.