పాత ట్రాక్టర్‌కు రోటవేటర్: షాఫ్ట్ కొలిచాకే బిగించండి

సంపాదకులకు,

పాత ట్రాక్టర్లకు నేలను గుల్లచేసే సెకండ్‌హ్యాండ్ రోటవేటర్లు తగిలిస్తూ పీటీవో షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని రోటవేటర్‌కు అందించే, ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాల ఇరుసు) పొడవు చూడకపోవడం బాధాకరం. షాఫ్ట్ పొడవెక్కువైతే రోటవేటర్ ఎత్తేటప్పుడు లోపలి గొట్టం చివరికంటా తన్ని, పీటీవో బేరింగును, గేర్‌బాక్సు సీలును దెబ్బతీస్తుంది. సీలు చుట్టూ నూనెతో తడిసిన మట్టి పేరుకుంటే ముందు దీన్నే అనుమానించాలి.

షాఫ్ట్ లేకుండా రోటవేటర్‌ను మెల్లగా ఎత్తి దించుతూ, షాఫ్ట్ తగిలించే పళ్ల మొనలు రెండూ (ట్రాక్టర్‌ది, రోటవేటర్ గేర్‌బాక్సుది) బాగా దగ్గరపడే చోట ఇంజిన్ ఆపి కొలవాలి. అక్కడ అంగుళం ఖాళీ మిగిలేలా రెండు గొట్టాలనూ, పైనున్న రక్షణ తొడుగులనూ సమానంగా కోసి, అంచులు ఆకురాయితో రుద్ది గ్రీజు పెట్టాలి. అతిగా కోస్తే దించినప్పుడు గొట్టాలు ఊడతాయి. గొట్టాలకున్న నడిమి యోకులు (కీలును పట్టే చీలిక ముక్కలు) రెండూ ఒకే వరుసలో లేకపోతే అదురుకు కీళ్లలోని క్రాసులు అరుగుతాయి.

తొడుగు మాత్రం తీసేయకండి. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్‌కు కండువా కొస చిక్కితే చాలు, మనిషినే లాగేస్తుంది.

- ఒక ట్రాక్టర్ మెకానిక్